ఇనుప ఓడ ఎందుకు మునగదు? ఈ ఒక్క భావన చెప్పడానికి మూడు పీరియడ్లు పట్టింది. సలహా ఇవ్వండి

గాజువాక సైన్సు టీచరు:

అందరికీ నమస్కారం. గాజువాక వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నా ప్రశ్న కాస్త పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణ పాఠం చివర ఉత్ప్లవనం, అంటే ద్రవం తనలోని వస్తువును పైకి తోయడం, వస్తుంది. కిందటి నెల ఆ భాగం మొదలుపెడుతూ సాంద్రత అంటే ఏమిటని అడిగాను. "ప్రమాణ ఘనపరిమాణంలో ఉండే ద్రవ్యరాశి" అని తరగతి అంతా ఒకే గొంతుతో అప్పజెప్పింది. చాలా సంతోషించాను. బల్ల మీద బట్టల సబ్బు ఒకటి ఉంది. దాన్ని దారంతో సరిగ్గా రెండు ముక్కలు చేసి, ఒక ముక్క పైకెత్తి, "మొత్తం సబ్బుతో పోలిస్తే ఈ ముక్క సాంద్రత ఎక్కువా, తక్కువా, అంతేనా?" అన్నాను. 42 మందిలో 31 మంది సగం అవుతుందన్నారు. నిర్వచనం పొల్లుపోకుండా చెప్పిన పిల్లలే వాళ్లు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా ఆ సబ్బు ముక్క నా మనసులోంచి పోలేదు. ఇన్నేళ్లుగా నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఎన్నింటికి ఇలా పూర్తి మార్కులు వేసి ఉంటానో తలచుకుంటే నిద్ర పట్టలేదు.

మర్నాడు పుస్తకం తెరవనివ్వలేదు. మా పిల్లలకు ఓడలు కొత్త కాదు. సముద్రం ఒడ్డున నిలబడితే రేవులో చోటు కోసం లంగరేసుకుని ఉన్న ఓడలు కనిపిస్తాయి, రాత్రయితే వాటి దీపాలు వరసగా వెలుగుతాయి. సగం మంది తండ్రులు స్టీలు ప్లాంటులోనో, రేవులోనో, వాటికి సరుకు తోలే లారీల మీదో పనిచేస్తారు. అందుకే ఓడతోనే మొదలుపెట్టాను. "బైలదిల్లా గనుల నుంచి రైల్లో ఇనుప ఖనిజం వస్తుంది. మన రేవులో దాన్ని ఓడకెక్కిస్తారు. ఓడా ఇనుమే, లోపలి సరుకూ ఇనుప రాయే. చిన్న మేకును బకెట్లో వేస్తే బుడుంగున మునుగుతుంది. మరి ఓడ ఎందుకు మునగదు?"

ఇంజను తిరుగుతుంది కాబట్టి అన్నారు కొందరు. లంగరేసిన ఓడకు ఇంజను తిరగదు కదా అంటే ఆగిపోయారు. ఉప్పునీళ్లు కాబట్టి అన్నారు ఇంకొందరు. ఎక్కువ మంది చెప్పింది మాత్రం "లోపల గాలి ఉంది టీచర్" అని.

నేను ఇంటి నుంచి ఒక గాజు జాడీ, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే పట్టుకెళ్లాను. జాడీలో నీళ్లు పోసి మట్టానికి స్కెచ్ పెన్నుతో గీత గీశాను. క్లే ముద్దను ఉండ చేసి వేశాను, అడుగుకు పోయింది. నీటి మట్టం కాస్త పెరిగింది, అక్కడ రెండో గీత. అదే ముద్దను బయటికి తీసి, తుడిచి, దొన్నెలా ఒత్తి నీటి మీద పెట్టాను. తేలింది. నీటి మట్టం రెండో గీతను దాటి ఇంకా పైకి వెళ్లింది. అక్కడ మూడో గీత గీశాను. తరగతిలో చప్పుడు లేదు. వెనక బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు, జూన్ నుంచి వాడి నోటి వెంట నేను మాట విన్నది బహుశా నాలుగైదు సార్లు. లేచి జాడీ దగ్గరికొచ్చి వేలితో ఆ రెండు గీతల మధ్య దూరం కొలుస్తూ, "మట్టి అంతే ఉంది టీచర్. అది నీళ్లలో ఆక్రమించే చోటు పెరిగింది. చోటు పెరిగితే నీళ్లు ఎక్కువ తోస్తున్నాయి" అన్నాడు. ఆర్కిమెడిస్ సూత్రాన్ని నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

ఇదంతా అయ్యేసరికి మూడు పీరియడ్లు గడిచాయి. పక్క సెక్షన్లో ఆ మూడు పీరియడ్లలో ఆ భాగం అయిపోయింది, ప్రశ్న జవాబులు నోట్సులో రాయించడం కూడా అయింది. తర్వాత జరిగిన ఫార్మేటివ్ పరీక్షలో "సాంద్రతను నిర్వచించండి", "ఆర్కిమెడిస్ సూత్రాన్ని రాయండి" అని అడిగారు. మా సెక్షన్ సగటు పక్క సెక్షన్ కంటే తక్కువ వచ్చింది. తరగతిలో అందరికంటే బాగా చదివే అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి, "టీచర్, జవాబు నోట్సులో చెప్పండి, చదువుకుంటాను. ఇలా అయితే నాకు భయంగా ఉంది" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి. సీనియర్ టీచరు ఒకరు మంచి మనసుతోనే చెప్పారు, ప్రతి పాఠం ఇలా చెబితే సంక్రాంతికి సగం సిలబస్ కూడా పూర్తి కాదని. ఆ మాట తప్పని నేను అనలేను.

వెనక్కి వెళ్లాలని మాత్రం నాకు లేదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లను అడుగుతున్నాను. ఏ పాఠాల మీద ఇంత సమయం పెట్టాలో ఎలా నిర్ణయిస్తారు? 42 మందిలో ఎవరికి అర్థమైందో, ఎవరు పక్కవాడి మాట పట్టుకుని తలూపుతున్నారో ఎలా తెలుసుకుంటారు? "గాలి ఉంది కాబట్టి తేలుతుంది" లాంటి సగం నిజాన్ని ఏం చేయాలి? దాన్ని కొట్టేస్తే పిల్లలు మళ్లీ నోరు విప్పరు, వదిలేస్తే అదే స్థిరపడిపోతుంది.

భీమిలి లెక్కల మాస్టారు:

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను 34 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ సబ్బు ముక్క లాంటిది నాకూ ఒకటుంది.

ఆరో తరగతిలో 0.45, 0.5 ఈ రెండింటిలో ఏది పెద్దదని అడిగితే చాలామంది 0.45 అంటారు. 45 పెద్దది, 5 చిన్నది కదా అని వాళ్ల లెక్క. దానికి నేనొక చిట్కా నేర్పేవాణ్ణి: దశాంశ స్థానాలు సమానం చేయడానికి చివర సున్నా పెట్టు, 0.45, 0.50, ఇప్పుడు పోల్చు. అందరూ సరిగ్గా చెప్పేవారు. చాలా ఏళ్లు దాన్నే బోధన అనుకున్నాను. ఒకరోజు ఎందుకో "0.4కీ 0.5కీ మధ్య ఏదైనా సంఖ్య ఉందా?" అని అడిగాను. లేదన్నారు. నాలుగు తర్వాత ఐదే కదా అన్నారు. చిట్కా పనిచేసింది, పిల్లవాడికి సంఖ్య మాత్రం కనిపించలేదు.

అప్పటి నుంచి కూరగాయల తూకంతో మొదలుపెట్టాను. అర కిలో అంటే 0.5, 450 గ్రాములంటే 0.45. రైతుబజారుకు వెళ్లి వచ్చే పిల్లవాడు ఇక తప్పు చెప్పడు. మన తెలుగులోనే ఎంత లెక్క ఉందో చూడండి. ఇంట్లో ముసలమ్మ "పావు తక్కువ మూడు" అంటుంది, అది 2.75. ఆ మాట అర్థమైన పిల్లకు భిన్నమూ తీసివేతా ఒకేసారి అర్థమైనట్టే. ఆ తలుపు తెరిచే ఉంది, మనం పిల్లలను గోడ ఎక్కిస్తున్నాం.

ఇప్పుడు మీ ప్రశ్న. మీ 31 మంది తప్పింది సైన్సులో కాదని నా అభిప్రాయం. వాళ్లు నిష్పత్తి దగ్గర తప్పారు. ద్రవ్యరాశి సగమైతే సాంద్రత సగమనుకున్నారు, ఘనపరిమాణం కూడా సగమైందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. రేపు వెళ్లి ఇలా అడగండి: గ్లాసులో టీ ఉంది, సగం ఇంకో గ్లాసులో పోశాం, తీపి సగం అవుతుందా? ఒక్కరు కూడా అవుననరు. తీపి ఎందుకు మారలేదో వాళ్ల చేతే చెప్పించి, అప్పుడు సబ్బు ముక్క చూపించండి.

ఏ పాఠం మీద సమయం పెట్టాలంటే, మిగతా పాఠాలను మోసే వాటి మీద. లెక్కల్లో నేను నాలుగింటిని పట్టుకున్నాను: స్థానవిలువ, భిన్నం, నిష్పత్తి, త్రాసులాంటి సమీకరణం. వీటికి ఎన్ని పీరియడ్లయినా ఇచ్చేవాణ్ణి. మిగతావి వేగంగా నడిచేవి, ఎందుకంటే పిల్లలకు అప్పటికే కాళ్లు వచ్చేవి. సాంద్రత అలాంటిదే. పీడనం, ఉత్ప్లవనం దాని మీదే నిలబడతాయి. మూడు పీరియడ్లు ఎక్కువేమీ కాదు.

రిచర్డ్ స్కెంప్ అనే గణిత విద్యావేత్త 1976లో ఒక వ్యాసంలో రెండు రకాల అవగాహన గురించి రాశారు. సూత్రం వాడటం తెలియడం ఒకటి, అది ఎందుకు పనిచేస్తుందో కూడా తెలియడం మరొకటి. కొత్త ఊళ్లో దారి నేర్చుకోవడంతో పోల్చారు. మన ఊరి మాటల్లో చెప్పాలంటే, జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్‌కు ఒకే దారి తెలిసినవాడు, ఆ దారిలో రోడ్డు తవ్వితే అక్కడే నిలబడిపోతాడు. ఊరు తెలిసినవాడు సందులోంచి వెళ్లిపోతాడు. మీ వెనక బెంచీ అబ్బాయికి ఊరు తెలుస్తోంది. వాణ్ణి వదలకండి.

మధురవాడ ఫిజిక్స్ లెక్చరర్:

టీచరుగారూ, నేను ఇంటర్ పిల్లలకు చెబుతాను. మాస్టారి మాటల్లో చాలా వాటితో ఏకీభవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను.

నిర్వచనం నోటికి రావడాన్ని మనం శత్రువుగా చూడకూడదు. మా పిల్లలు రాసే ప్రవేశపరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలుంటాయి. ఒక్కో ప్రశ్నకు నిమిషం దాటి కొన్ని సెకన్లే. ప్రతిసారీ మొదటి నుంచి ఆలోచించుకుంటూ వచ్చే పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా వెనకబడతాడు. పేద పిల్లలకు ఆ పరీక్ష ఒక్కటే మెట్టు. మీ దగ్గరికి కన్నీళ్లతో వచ్చిన అమ్మాయి భయం నిజమైనది. ఆ భయానికి మనం జవాబు చెప్పాలి.

నా సూచన ఇది. భావన అర్థమయ్యాక చివరి పది నిమిషాలు రాతకు పెట్టండి. ముందు ప్రతి ఒక్కరూ సొంత మాటల్లో నిర్వచనం రాయాలి. తర్వాత పుస్తకంలోని వాక్యం బోర్డు మీద రాసి, తమ వాక్యంలో ఏ మాట తగ్గిందో వాళ్లనే గుర్తించమనాలి. "ప్రమాణ" అనే మాట ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. అలా చేరిన వాక్యం పరీక్షలో మరచిపోరు.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. బంతిని నిటారుగా పైకి విసిరితే ఎంత ఎత్తుకు వెళ్తుందో మా పిల్లలు అర నిమిషంలో కట్టేస్తారు. అదే పిల్లలను, సరిగ్గా పైన ఆగిన క్షణంలో బంతి మీద ఎంత బలం పనిచేస్తోందని అడిగితే సగం మంది సున్నా అంటారు. వేగం సున్నా కదా, అందుకని. ఈ జబ్బు మన దగ్గరే కాదు, అమెరికా విశ్వవిద్యాలయాల్లోనూ ఉంది. 1992లో అక్కడ హెస్టెనెస్ బృందం న్యూటన్ నియమాల మీద లెక్క చేయనక్కరలేని ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేసింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ దాన్ని తన విద్యార్థులకు పెట్టి, లెక్కలు బాగా చేసేవారు కూడా ఇందులో తడబడటం చూసి, పాఠం చెప్పే పద్ధతినే మార్చుకున్నారు.

ఆయన పద్ధతి మీ 42 మందికి పనికొస్తుంది. నాలుగు జవాబులున్న ప్రశ్న ఒకటి ఇవ్వండి. ముందు ఎవరికి వారు మాట్లాడకుండా ఆలోచించాలి. మీరు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి వేళ్లతో జవాబు చూపాలి. చేతులు పైకెత్తితే పక్కవాణ్ణి చూసి మార్చుకుంటారు, అందుకే వేళ్లను గుండెకు ఆనించి చూపమంటాను. తర్వాత వేరే జవాబు చూపినవాడితో రెండు నిమిషాలు వాదించమనండి. మళ్లీ వేళ్లు చూపించండి. ఐదారు నిమిషాల్లో తరగతి ఎక్కడుందో మీకు తెలిసిపోతుంది. మొదటిసారే దాదాపు అందరూ సరిగ్గా చెబితే ముందుకు వెళ్లిపోండి, సమయం మిగులుతుంది.

ఇక గాలి సంగతి. కొట్టేయకండి, ఇంకో ప్రశ్న వేయండి. "గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా నీళ్లలో తేలుతోంది. అది సొట్ట పోకుండా లోపలి గాలి మొత్తం తోడేశాం. ఇప్పుడు మునుగుతుందా, అలాగే ఉంటుందా, ఇంకొంచెం పైకి తేలుతుందా?" గాలి వల్లే తేలుతుందన్న పిల్ల మునుగుతుందంటుంది. గాలికీ బరువుంది, అది పోతే డబ్బా ఇంకాస్త తేలికవుతుంది, ఆక్రమించిన చోటు మాత్రం అంతే. ఈ ప్రశ్న మీద మా తరగతిలో ఒకసారి గంట కొట్టాక కూడా వాదన ఆగలేదు.

అనకాపల్లి సోషల్ టీచరు:

మా సబ్జెక్టు అంటే బట్టీయే అనుకుంటారు, అందుకే చిన్న మాట. తుపాను పాఠంలో అల్పపీడనం, తుపాను కన్ను అని రాయించి ఊరుకునేదాన్ని. ఇప్పుడు పిల్లలకు ఇంటి పని ఒకటే ఇస్తున్నాను: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్న పెద్దవాళ్లను వెతికి, ఆ రోజు గాలి ఎటు నుంచి వీచిందో, మధ్యలో ఆగిందా అని అడిగి రండి. "మధ్యలో గాలి ఆగిపోయింది, అయిపోయిందనుకుని బయటికొచ్చాం, మళ్లీ అటు వైపు నుంచి ఇంకా గట్టిగా కొట్టింది" అన్న మాట ఎవరో ఒకరు తెస్తారు. ఎందుకు ఆగింది, ఎందుకు దిక్కు మారింది అని వాళ్లే బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీసుకుని తేల్చుకుంటారు. నేను సుద్దముక్క అందిస్తాను, అంతే.

రేవులో పనిచేసే నాన్న:

టీచరుగారూ, నమస్కారం. నేను టీచర్ని కాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, వేరే బడి. ఇరవై ఏళ్లుగా రేవులో ఓడల సరుకు లెక్కల పనిలో ఉన్నాను. మీ ప్రశ్న చూసి ఆగలేకపోయాను, ఎందుకంటే మీరు జాడీ మీద గీసిన గీతలే నా రోజువారీ పని.

ఓడలోకి ఎన్ని వేల టన్నుల ఖనిజం ఎక్కిందో ఎలా లెక్క కడతారని పిల్లలను అడగండి. ఓడను తూచే కాటా లేదు. ఓడనే కాటాగా వాడతాం. దీన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. ఓడ పొట్ట మీద ముందు, మధ్యలో, వెనక, రెండు వైపులా నిలువుగా అంకెలు రాసి ఉంటాయి. ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, ఒక అంకె అడుగు నుంచి తర్వాతి అంకె అడుగుకు 20 సెంటీమీటర్లు. నీరు ఏ అంకె దగ్గర ఉందో ఆరు చోట్లా చూస్తాం. అల ఊగుతూ ఉంటుంది, కాబట్టి పడవలో దగ్గరికి వెళ్లి అల పైకీ కిందికీ పోవడం కొంతసేపు చూసి మధ్య విలువ రాసుకుంటాం. సరుకు ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి. ఓడ అదనంగా ఎంత దిగిందో, అంటే అదనంగా ఎంత నీటిని తోసిందో తెలిస్తే, ఆ నీటి బరువే అదనంగా చేరిన బరువు. అందులో ఓడ వాడుకునే నూనె, మంచినీళ్లు, బాలాస్ట్ నీటిలో (ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపుకునే నీరు) వచ్చిన మార్పులు సరిచేస్తే మిగిలేది సరుకు. దానిమీదే బిల్లులు నడుస్తాయి.

పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి. ఓడను 200 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న పెట్టె అనుకోండి. అది ఒక్క సెంటీమీటరు దిగితే తోసే నీరు 60 ఘనపు మీటర్లు. సముద్రపు నీరు ఘనపు మీటరుకు 1.025 టన్నులు, అంటే 61.5 టన్నులు. వేలి మందం కంటే తక్కువ దిగుదల, ఆరు పెద్ద లారీల సరుకు! మా అమ్మాయి ఈ లెక్క తనే చేసి, "అంటే నువ్వు ఒక సెంటీమీటరు తప్పు చూస్తే అరవై టన్నులు పోతాయా నాన్నా?" అంది. అవునమ్మా అన్నాను. అప్పటి నుంచి నా పని మీద దానికి గౌరవం పెరిగింది.

ఇంకో సంగతి. అంకెలు చూడటమే సరిపోదు, ఓడ పక్కన నీరు తోడి హైడ్రోమీటరుతో సాంద్రత కూడా కొలవాలి. ఇన్నర్ హార్బరులోకి మేఘాద్రి గెడ్డ నీరు వస్తుంది. వానలు బాగా పడి మంచినీరు ఎక్కువ కలిస్తే సాంద్రత తగ్గుతుంది, అదే ఓడ అదే సరుకుతో కొంచెం ఎక్కువ దిగుతుంది. ఓడ నడుముకు అడ్డంగా గీత ఉన్న గుండ్రటి గుర్తు ఉంటుంది, పక్కనే నిచ్చెన మెట్లలా చిన్న గీతలుంటాయి. అంతకు మించి దించకూడదని హద్దు అది. బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి పోరాడితే 1876లో చట్టం వచ్చింది. అంతకు ముందు సరుకు మితిమీరి నింపిన ఓడలు మునిగి ఎందరో నావికులు పోయేవారు. ఆ గీతల్లో మంచినీటి గీత వేసవి సముద్రపు గీతకంటే పైన ఉంటుంది. ఎందుకు పైన ఉందో మీ వెనక బెంచీ అబ్బాయిని అడగండి. వాడు ఏం చెప్పాడో నాకు తప్పకుండా రాయండి.

గాజువాక సైన్సు టీచరు:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పది రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూసి రాయాలనుకున్నాను.

మాస్టారూ, టీ ప్రశ్న అడిగాను. ఒక్కరూ తప్పు చెప్పలేదు. "పంచదార సగమైంది, టీ కూడా సగమైంది కదా టీచర్" అన్నారు. వెంటనే సబ్బు ముక్క పైకెత్తాను. లెక్చరర్‌గారు చెప్పినట్టు వేళ్లు గుండెకు ఆనించి చూపమన్నాను. ఈసారి 36 మంది సరిగ్గా చూపారు. మిగిలిన ఆరుగురిని పక్కవాళ్లతో మాట్లాడమంటే ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరితో మధ్యాహ్నం అన్నం తిన్నాక విడిగా కూర్చున్నాను. వాళ్లకు గుణకారమే సరిగా రాదని అప్పుడు తెలిసింది. ఇంతవరకూ నేను గమనించలేదు. ఇప్పుడు వాళ్లతో రోజూ పది నిమిషాలు వేరే పని నడుస్తోంది.

నిర్వచనం సొంత మాటల్లో రాయించాను. కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయి రాసింది చూడండి: "ఒకే కొలత చోటులో ఎంత పదార్థం కుక్కి ఉందో అదే సాంద్రత." "ఒకే కొలత" దగ్గర కింద గీత గీసి, "పుస్తకంలో దీన్నే ప్రమాణ అన్నారు" అని పక్కన రాసుకుంది. ఇప్పుడు నోట్సు అడగడం లేదు, తన నోట్సు తనే తయారుచేసుకుని నాకు దిద్దమని ఇస్తోంది.

డబ్బా ప్రశ్నకు తరగతి రెండుగా చీలిపోయింది. ఇంకా తేలలేదు, తేల్చమని నేనూ తొందరపెట్టలేదు.

అన్నయ్యగారూ, ఓడ లెక్క అందరూ చేశారు. హైడ్రోమీటరు మా బడిలో లేదు, అందుకని మేమే చేసుకున్నాం. కొబ్బరినీళ్లు తాగే స్ట్రా అడుగున మైనం బిగించి, నిటారుగా నిలబడేలా లోపల రెండు చిన్న మేకులు వేశాం. మంచినీటిలో పది సెంటీమీటర్లు మునిగింది. ఒక పిల్ల బీచ్ నుంచి సీసాతో సముద్రపు నీరు తెచ్చింది. అందులో స్ట్రా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే పైకి లేచింది. పిల్లల ముఖాలు చిన్నబోయాయి, ప్రయోగం పాడైందనుకున్నారు. 10ని 1.025తో భాగించి చూడమన్నాను. 9.76 వచ్చింది. ఆ రెండు మిల్లీమీటర్లే సరైన జవాబని తెలిసేసరికి తరగతి అంతా చప్పట్లు కొట్టింది. తర్వాత వంటింటి ఉప్పు కరిగినంతా కలిపి చూశాం, వేలి వెడల్పు లేచింది.

మీ గీత ప్రశ్నకు వెనక బెంచీ అబ్బాయి జవాబు ఇది, వాడి మాటల్లోనే: "మంచినీటిలో ఓడ ఎక్కువ దిగుతుంది. అక్కడ పైగీత దాకా దిగినా, సముద్రంలోకి వెళ్లాక మళ్లీ తేలి తన గీత దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే పైన గీశారు." నేను సాయం చేయలేదు.

వచ్చే నెల కురుసుర జలాంతర్గామిని చూపించడానికి తీసుకెళ్తున్నాను. అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంది. మా బడి పిల్లలు ప్రతి ఏడాది చూస్తూనే ఉన్నారు. లోపల ఇరుకు మంచాలు, గొట్టాలు చూసి, ఫోటో దిగి వచ్చేస్తారు. ఈసారి చేతిలో ఒక ప్రశ్న పెట్టి పంపుతున్నాను: ఓడ బరువు పెరిగితే కొంచెం దిగి ఆగుతుంది, ఇది మొత్తం మునిగి, కావాలనుకున్నప్పుడు పైకి ఎలా వస్తుంది? లోపల దేన్ని వెతకాలో వాళ్లే జాబితా రాసుకుంటున్నారు. "నీళ్లు నింపుకునే ట్యాంకులు", "ఆ నీళ్లను బయటికి తోసే గాలి సీసాలు" అని నిన్న ఇద్దరు రాశారు.

ఒక విన్నపం. ఓడ పొట్ట మీద అంకెలు స్పష్టంగా కనిపించేలా తీసిన ఫోటో మీ దగ్గర ఉంటే పెట్టగలరా? ఖాళీ ఓడది ఒకటి, అదే ఓడ నిండాక ఒకటి అయితే ఇంకా మంచిది. రెండింటినీ చార్టు మీద పక్కపక్కన అంటించి, ఎన్ని టన్నులు ఎక్కాయో పిల్లల చేత కట్టించాలని ఉంది.